మెరిసిన పట్టీలు

చింతపండుతో ఇత్తడి తోముతున్న వాసన వస్తే నాకు ఇప్పటికీ గుబులే.

తొంభైల్లో నాన్న గల్ఫ్‌లోని అల్ రువైస్‌లో మెకానిక్. వీసా ఇచ్చి పూచీ ఉన్న అరబ్బు యజమాని, అంటే కఫీల్, ఇంటి వెనక గదిలో ఉండేవాళ్లం. కఫీల్ తన తాత రైఫిల్‌ని బంధువు రైఫిల్‌తో మార్చుకోవాలనుకుని, నూనె వేయమని నాన్నకిచ్చాడు. నాన్న బోల్టు తీసి గొట్టాన్ని వెలుతురుకేసి పెట్టి నాకు చూపించాడు. గొట్టంలో తుప్పు లేదు, తూటాని తిప్పే మెలి గీతలు అరగలేదు, బోల్టు మీదా బాడీ మీదా ఒకే నంబరు, అంటే ఏ భాగమూ మార్చలేదు. అమ్మేమో చెక్కకున్న, పాతబడి నల్లబడ్డ ఇత్తడి పట్టీల్ని మా గోదావరి బిందెల్లా చింతపండుతో తోమిపెట్టింది. విలువ పెరిగిందని సంబరపడ్డాను.

మర్నాడు బంధువు పట్టీలు వాసన చూసి రైఫిల్ పక్కన పెట్టేశాడు. గొట్టంలోకి చూడనే లేదు.

"కొత్త పట్టీలేసి పాతదంటున్నానట. బేరం ఖతం. ఎవరు తోమారు?" కఫీల్ హిందీలో అడిగాడు.

"నేనే సాబ్," అన్నాడు నాన్న.

గదిలో అమ్మ, "నేనని చెప్పాల్సిందండీ," అంది.

"చెబితే ఫ్యామిలీని ఇండియా పంపేయమంటాడే."

ఆ నెల వీసా రెన్యువల్ అయ్యేదాకా అమ్మ గిన్నెలు కూడా చప్పుడు కాకుండా కడిగింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. అది భయమని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.