ముయస్సర్ ఆపా రందా మిషను

పదకొండేళ్ల తర్వాత ముయస్సర్ రష్యా నుంచి కోకండ్‌లోని పుట్టింటికి తిరిగొచ్చినప్పుడు ఆమె వెంట వచ్చినవి రెండే: ఒక బట్టల మూట, ముప్పై నాలుగు కిలోల అట్టపెట్టె. మూడు రోజులు రైల్లో ఆ పెట్టె మీద కాళ్లు పెట్టుకుని కూర్చుంది. టీ అమ్మేవాడు దారి ఇమ్మంటే కాళ్లు ముడుచుకుందే తప్ప పెట్టెను జరపలేదు. వాకిట్లో టాక్సీ దిగగానే ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలిచే తమ్ముడి భార్య షరోఫత్ ఎదురొచ్చి రెండు చేతులా కావిలించుకుంది. కళ్లు మాత్రం పెట్టె మీదే ఉన్నాయి.

"ఏంటి ఆపా ఇది, బట్టలుతికే మిషనా?"

"కాదు. రేస్మస్."

"తినేదా?"

"చెక్క తింటుంది," అంది ముయస్సర్. "ముందు కాసిని టీ పొయ్యవే. నడుం విరిగిపోయింది."

చేత్తో తోసే రందాకు, అంటే చిత్రికకు, బదులుగా చెక్క పలక మందాన్ని సమం చేసే యంత్రం అది. ఒక పక్క నుంచి పలకను నెడితే, లోపల తిరిగే బ్లేడ్లు పైపొరను గీకేసి రెండో పక్క నుంచి నున్నగా బయటికి పంపుతాయి. వోల్గా ఒడ్డున ఒక ఫర్నిచర్ కార్ఖానాలో ముయస్సర్ పదకొండేళ్లు చేసిన పని అదే. అక్కడిది గదంత యంత్రం. ఇటు నిలబడి ఆమె నెట్టేది, అటు నిలబడి ఇంకెవరో అందుకునేవారు. భర్త పోయిన మరుసటి ఏడు, నలభై మూడేళ్ల వయసులో వెళ్లింది. వచ్చేసరికి మోకాళ్లు అరిగాయి, కుడి చెవిలో ఎప్పుడూ ఒక కీచురాయి కూస్తూనే ఉండేది. ఒంటికి పట్టిన అలసట నిద్రపోతే పోయే రకం కాదు. పొద్దున ఆమె కళ్లు తెరిచేసరికి అది ముందే లేచి పక్కన కూర్చుని ఉండేది.

అక్కడ గడిపిన ఆఖరి చలికాలంలో ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఇంకా ఈ పనే చేసి బతకాలంటే మిషను తనదై ఉండాలి. ఎప్పుడు ఆపాలో తను చెప్పాలి. పుట్టింటి పెరట్లో కూర్చుని, జనం చుట్టూ చేరి భోంచేసే పొట్టి బల్లలు చేసి అమ్ముకోవాలి.

ఆవు లేని పాత కొట్టాన్ని పదిరోజులు కడిగి ఆరబెట్టింది. లారీ తోలే తమ్ముడు ఇంటికి వచ్చిన నాలుగు రోజుల్లో బరువైన బల్ల ఒకటి చేయించి, కాళ్లను నేలలోకి దిగేసి సిమెంటు పోయించింది. మిషనును నాలుగు బోల్టులతో దాని మీద బిగించింది. కరెంటు నీరసంగా వచ్చే వీధి కాబట్టి దాన్ని సరిచేసే పెట్టె ఒకటి బజారులో కొంది. పొట్టు వచ్చే గొట్టానికి పాత దుప్పటితో సంచీ కుట్టి కట్టింది.

మొదట పోప్లార్ పలక ఒకటి పెట్టి చూసింది. అంతా బాగానే వచ్చింది కానీ, చివరి నాలుగు వేళ్ల మేర మిగతాదానికంటే లోతుగా తెగింది. ఆ సంగతి ఆమెకు తెలుసు. బయటికొచ్చిన పలక ముక్కు బరువుకు వంగితే తోక పైకి లేచి బ్లేడుకు తగులుతుంది. ముందూ వెనకా ఉన్న రెక్కబల్లలను స్కేలు పెట్టి చూస్తూ, చివర్లు నాణెం మందం పైకి లేచేదాకా మరలు తిప్పింది. మళ్లీ పలక పెట్టింది, మళ్లీ తిప్పింది. రెండు రోజులు ఇదే తంతు. మూడోరోజు మధ్యాహ్నానికి వేలితో తడిమినా గంటు దొరకలేదు. మిషను ఆపి, దాని పక్కనే బోర్లించిన డబ్బా మీద కూర్చుంది. సంతోషించాలనుకుంది. కానీ అందుకు కూడా కొంచెం ఓపిక కావాలి.

వాళ్లది చెక్కపని వాళ్ల వీధి. అక్కడి నలుగురు ఉస్తాలలో, అంటే చెయ్యి తిరిగిన మేస్త్రీలలో, పెద్దవాడు మహ్కమ్ ఉస్తా, గోడ అవతలే ఉండేవాడు. డెబ్భై ఎనిమిదేళ్లు. ఆయన చెక్కిన తలుపులు ఊళ్లో ఏ వీధికి వెళ్లినా ఒకటైనా కనిపించేవి. మిషను కూతపెట్టిన మొదటిరోజే గోడ మీదుగా టోపీ కనిపించింది.

"బిడ్డా, కొట్టంలో గొడ్డును గానీ కోస్తున్నావా?"

"లేదు ఉస్తా, చెక్క."

"అయ్యో పాపం. చెక్క అంతలా ఏడవడం నేనెప్పుడూ వినలేదు."

వారంలోపే ఆ మాట వీధంతా పాకింది. ముయస్సర్ ఆపా గొడ్డు అని మిషనుకు పేరు పడింది. నవ్వినవాళ్లే నెల తిరక్కుండా పలకలు భుజాన వేసుకుని గేటు ముందు నిలబడ్డారు. "ఆపా, రెండే రెండు." "ఆపా, పొద్దుటి నుంచీ రందా తోసి రెక్కలు పడిపోయాయి." కాదనడం ఆమెకు చేతకాలేదు. వాళ్లు పెట్టే కూలీ అక్కరకొచ్చేది కానీ, తన బల్లలకని కొన్న అక్రోటు చెక్క మూల నిలబడినచోటే దుమ్ము పట్టింది. ఇటు నిలబడి నెట్టడం, అటు వెళ్లి అందుకోవడం. రెండు పక్కలా ఇప్పుడు తనే.

"అక్కడైనా నెలకో రోజు సెలవుండేది నీకు," అంది షరోఫత్, షూర్పా గిన్నె ముందు పెట్టి.

ముయస్సర్ రొట్టె తుంచి పులుసులో వేసుకుంది.

జనవరిలో మహ్కమ్ ఉస్తా స్వయంగా వచ్చాడు. వెనక తోపుడుబండి మీద రెండు మల్బరీ పలకలు. తన పెరట్లో కొట్టిన చెట్టువే, పన్నెండేళ్లుగా నీడన ఆరినవి. వీధి మలుపులోని టీ అంగడి తలుపు అడుగున పుచ్చిపోయిందని, కొత్తది తనే చేసిస్తానని మాటిచ్చాడట.

ముయస్సర్ పలకను నేల మీద పెట్టి ఒక మూల నొక్కింది. ఎదుటి మూల లేచింది.

"మెలి తిరిగింది ఉస్తా. ముందు ఒకవైపు చేత్తో తిన్నగా తీసుకురండి, రెండోవైపు నేను తీస్తాను."

"మిషనుండగా చెయ్యెందుకు?"

"అది మందమే చూస్తుంది. కిందివైపు ఎలా ఉంటే పైవైపూ అలాగే వస్తుంది. కింద మెలి ఉంటే పైనా మెలే."

"నా పని చెయ్యడం ఇష్టం లేదని చెప్పరాదూ. గొడ్డు అన్నానని కోపమా?"

వాదించేంత ఓపిక ఆమెకు లేదు. పలక నెట్టడమే తేలిక. చెవులు మూసుకుని మిషను వేసింది. రోలర్లు అదిమినంతసేపూ పలక బుద్ధిగానే ఉంది. అద్దంలా నున్నగా బయటికొచ్చి, రోలరు వదలగానే తన వంకర తను తెచ్చుకుంది. నేల మీద పెట్టి నొక్కితే టక్కుమని మళ్లీ మూల లేచింది.

ఉస్తా ఆ మూలను కాలితో నొక్కి చూశాడు. తర్వాత రెండు చేతులూ కోటు జేబుల్లోంచి బయటికి తీసి ఆమె ముందు పెట్టాడు. అవి ఆగకుండా వణుకుతున్నాయి.

"రెండేళ్లయింది," అన్నాడు. "ఉలి పట్టుకుంటే చేతి వణుకును చెక్కే ఆపుతుంది, ఎలాగో నడుస్తోంది. పొడుగు రందా మాత్రం కుదరట్లేదు. ఇవి బాగుంటే నీ గడప తొక్కేవాణ్నా?"

"శిష్యులెవరికైనా చెప్పకపోయారా?"

"వాళ్లకి చెప్తే ఊరికి చెప్పినట్టే. నీకైతే ఉన్నది ఒక్క చెవే. సగం మాట అక్కడే పోతుంది."

ముయస్సర్‌కు నవ్వొచ్చింది. చాలా రోజులకు వచ్చిన నవ్వు కాబట్టి దగ్గులా బయటపడింది.

మర్నాటి నుంచి ఉస్తా డబ్బా మీద కూర్చున్నాడు, ఆమె ఆయన రందా పట్టింది. పలకకు ఆ చివరొకటి ఈ చివరొకటి అడ్డంగా రెండు కర్రపట్టీలు పెట్టి, వంగి, ఒంటికన్నుతో చూడమన్నాడు. రెండు పట్టీల అంచులూ ఒకే గీతలో కలిస్తే పలక తిన్నగా ఉన్నట్టు. కలవలేదు.

"ఎడమ మూల. అంతా కాదు, ఆ మూలే. భుజంతో తొయ్యకు బిడ్డా, కాళ్లతో తొయ్యి."

"కాళ్లుంటే కదా ఉస్తా."

"నాకు చేతులున్నాయా?"

పట్టీలు పెట్టడం, చూడటం, నాలుగుసార్లు రందా తొయ్యడం, మళ్లీ పట్టీలు. పదకొండేళ్లలో కొన్ని లక్షల పలకలు ఆమె చేతుల మీదుగా పోయాయి. ఒక్కదాన్నీ ఇంతసేపు చూసింది లేదు. మూడోరోజుకు భుజం ఎత్తలేకపోయింది. షరోఫత్ వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి తెచ్చి వీపుకు కట్టింది. ఆ సాయంత్రం పట్టీల అంచులు ఒకే గీతలో కలిశాయి. ఉస్తా లేచి వచ్చి, తనూ వంగి చూసి, టోపీ సర్దుకున్నాడు. ఆయన దగ్గర అంతకు మించిన మెప్పు ఎవరూ పొందలేదు.

ఇంకో మూడురోజులకు రెండో పలక కూడా అయింది. తిన్నగా తీసిన వైపు కిందికి పెట్టి మిషనుకు ఇచ్చారు. మొదటిది సాఫీగా వచ్చింది. రెండోది సగం లోపలుండగా కరెంటు పోయింది. పలక రోలర్ల మధ్య ఇరుక్కుని ఆగిపోయింది. చలికి వీధంతా హీటర్లు పెట్టినప్పుడల్లా ఇదే వరస. ఇద్దరూ చలిలో కూర్చుని పచ్చ టీ తాగారు.

"అక్కడ నువ్వు తీసిన చెక్కతో ఏం చేసేవారు?" అడిగాడు ఉస్తా.

"మంచాలంటారు. అలమారలంటారు. నేను చూళ్లేదు. అటు పక్కకి ఎప్పుడూ వెళ్లనివ్వలేదు."

"ఒక్కటీ చూళ్లేదా?"

"ఒక్కటీ."

ఆయన పియాలా అడుగున మిగిలిన టీ నేల మీద పారబోశాడు. "టీ అంగడి తలుపు ఎక్కడికీ పోదు. వీధి మలుపే. నీ ఇష్టమొచ్చినప్పుడు వెళ్లి చూసుకో."

గంటన్నరకు కరెంటొచ్చింది. ఆగినచోట పలక మీద సన్నటి గీత పడింది. ఇంకోసారి తియ్యబోతే ఉస్తా వద్దన్నాడు. అక్కడ ఎలాగూ తీగ చెక్కుతానన్నాడు.

మే నెలలో తలుపు టీ అంగడి గుమ్మానికి ఎక్కింది. ఆడవాళ్లు కూర్చునే చోటు కాదు కాబట్టి, ముయస్సర్ రొట్టెలు తెచ్చే సాకుతో ఒక పొద్దున అటుగా వెళ్లింది. తెరిచిన తలుపు వేసింది, వేసిన తలుపు తెరిచింది. ఎక్కడా పట్టెయ్యలేదు. అంగడివాడు "ఏం కావాలి ఆపా?" అనేదాకా అదే పనిగా చేసి, ఇంటికి వచ్చేసింది.

పలకలు ఇంత తిన్నగా ఎవరు తీశారని అడిగినవాళ్లకు ఉస్తా ఆమె పేరే చెప్పాడట. మిషనుతోనా అంటే, కాదు, చేత్తో అన్నాడట. దాంతో ఆమెకు దక్కిన లాభం ఏమిటంటే, వీధిలో ఉన్న మెలి తిరిగిన పలకలన్నీ వచ్చి ఆమె కొట్టానికి జేరబడ్డాయి.

అప్పుడామె ఇతరుల పలకలు తీసే రోజులు రాసి గేటుకు ఒక అట్టముక్క కట్టింది. మంగళవారం, శనివారం, మధ్యాహ్నం దాకా. మిగతా ఐదింటిలో మూడు రోజులు అక్రోటు బల్లలకు, రెండు రోజులు ఏ పనీ లేకుండా. కట్టిందే కానీ, వచ్చినవాళ్ల ముఖం చూస్తే కాదనలేకపోయేది. ఆ పని షరోఫత్ తీసుకుంది. గేటు బెత్తెడు తెరిచి, సందులో భుజం పెట్టి నిలబడేది.

"ఇవాళ బుధవారం. ఆపా పడుకుంది."

"పగలా?"

"పగలే," అని గేటు వేసేది.