గంగవ్వ తిప్పి పంపిన మలీద

దగ్గరికి జరిగి కూర్చోండి, నా గొంతు ఇప్పుడు అంత దూరం పోదు. పొద్దున పెనం మీద జొన్నరొట్టె కాలిన వాసనకు మా అత్త గంగవ్వ కళ్లముందు నిలబడింది. మీరామెను చూడలేదు. చూసి ఉంటే ఎదురు మాట్లాడేవారు కాదు.

ఎల్లారెడ్డిలో నా తొలి కాన్పు. బిడ్డ బొద్దుగా, పెద్దగా పుట్టాడు; ఏడవలేదు. దిష్టి అన్నారు వాడకట్టువాళ్లు. మళ్లీ కడుపు పండగానే అత్త నన్ను బస్సెక్కించి కామారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయింది. మూత్రం మందునీళ్లలో వేసి కాస్తే ఇటుకరంగు తేలింది. "కడుపుతోనే వచ్చే షుగరు. మొదటి బిడ్డ కూడా దీనివల్లే పోయి ఉంటడు" అన్నది డాక్టరమ్మ. ఆనాటి నుంచి నాకు సూదిమందు, జొన్నరొట్టె, ఆకుకూర.

మా వాడకట్టులో నిండు కడుపుతో ఉన్న కోడలికి ఇంటింటి నుంచీ తీపి వస్తుంది, కాదనకుండా తినాలి. అత్త గడపకు అడ్డంగా కూర్చుంది. మొదట పక్కింటి ఫాతిమా ఖాలా రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దలు తెచ్చింది.

"ఏంది గంగవ్వా, కోడలి నోరు కట్టేస్తవా? ఇంత పీనాసిదానివా!"

"పీనాసి అనుకో, పిశాచి అనుకో. నీ ముద్ద లోపటికి పోవాలంటే నన్ను దాటిపో."

"బిడ్డ పుట్టినంక మాత్రం మలీద నన్నడగకు!"

"అడుగుత. గల్లా పట్టుకొని అడుగుత."

మరోసారి ఆసుపత్రికి పోతే మందునీళ్లు అయిపోయాయన్నారు. వరుస వరండా దాటింది. "ఈ షుగరుతోటి ఎప్పుడో ఒక్కరు వచ్చేది, ఇప్పుడు వారం వారం ఇందరు వస్తున్నరు. నేనొక్కదాన్ని ఎందరిని చూడాలె?" అన్నది డాక్టరమ్మ అలసటగా. అత్త అక్కడే చతికిలబడింది.

"మేం ఎక్కువైతే గదులు పెంచుండ్రి, మందు పెంచుండ్రి. మమ్ముల తగ్గియ్యకుండ్రి. నా కోడలిది చూసేదాక లేవ."

వరుసలోని ఆడవాళ్లంతా పొట్టలు పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నారు. డాక్టరమ్మ కోప్పడలేదు. "పైవాళ్లకు ఇదే మాట చెప్పి నా నోరు నొస్తున్నది, గంగవ్వా" అని బజారుకు మనిషిని పంపి మందు తెప్పించింది.

నాకు ఆడపిల్ల పుట్టింది. వార్డంతా అదిరేలా ఏడ్చింది. ఎల్లారెడ్డిలో బస్సు దిగగానే అత్త నేరుగా ఖాలా గుమ్మంలోకి పోయింది. "ఏదీ నా మలీద?"

"పొద్దటి సంది కలుపుకొని కూసున్న, గయ్యాళీ!"

ఆ పిల్ల బిడ్డే ఇప్పుడు కడుపుతో ఉంది. షుగరు పరీక్షకు పొమ్మంటే, "లైను పెద్దగున్నది అమ్మమ్మా, రేపు పోత" అన్నది. నేను చెప్పులు తొడుక్కున్నాను. "పద. నేనొచ్చి కూసుంట."

మీ ఇంటి ఆడబిడ్డ కూడా చల్లగా కని, పసిబిడ్డనెత్తుకుని నవ్వుతూ మీ గడప తొక్కాలి.