చిన్న కడుపుతో పెద్ద బంతికి

మా అన్న ఉత్తరాలు రాసే మనిషి కాదు. అలాంటివాడు ఇన్‌ల్యాండ్ కవరు నిండా రాశాడంటే సంగతేదో ఉండే ఉంటుందని విప్పుతూనే అనుకున్నాను. క్షేమ సమాచారాలన్నీ అయ్యాక, చివరి నాలుగు వరుసల్లో అసలు విషయం ఉంది. "రజిత పెండ్లికి నువ్వు రాకున్నా మేమేం అనుకోము. నీ పానం మంచిగ లేదు. బువ్వంబంతిల నీ జాగల సుగుణను కూసోవెడ్తం. నువ్వు ఇంటికాడ రెస్టు తీసుకో."

రజిత మా అన్న కూతురు. మా వైపు పెళ్లి అయ్యాక పిల్లనూ పిల్లగాణ్నీ నడుమ కూర్చోబెట్టి, రెండు వైపుల చుట్టాలు ఒకే వరుసలో కూర్చుని తినే భోజనమే బువ్వంబంతి. పెళ్లికూతురి కుడి పక్క చోటు మేనత్తది. రజితకు ఉన్న ఒకే ఒక్క మేనత్తను నేను. సుగుణ మా చిన్నమ్మ కూతురు, మంచిదే, కాని ఆ చోటు తనది కాదు. ఉత్తరం రెండోసారి చదివి, బడికి సెలవు చీటీ రాశాను.

నా పానానికి వచ్చిందేమిటో ముందే చెబుతాను. ఐదు నెలల కింద బొంబాయిలో నాకు కడుపు చిన్నది చేసే ఆపరేషన్ అయింది. మా ఆడబిడ్డ అక్కడ నర్సు. నూట పద్దెనిమిది కిలోల మనిషిని, మోకాళ్లు పోయి, షుగరొచ్చి, క్లాసులో నిలబడి పాఠం చెప్పలేని స్థితికి వస్తే, తనే డాక్టరుతో మాట్లాడి చేయించింది. కడుపు పైభాగాన్ని కుట్లతో విడదీసి చిన్న టీ కప్పంత సంచి మిగిల్చారు. తొంభైల చివర్లో సిద్దిపేటలో ఈ మాట వింటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. "సుక్కయ్య బిడ్డ విజయకు కడుపు తీసేసిన్రట, గ్లూకోజు మీద బతుకుతుందట" అని మాత్రం మూడు మండలాలకు పాకింది. ప్రయాణం నాటికి నేను తొంభై ఒక్క కిలోలు. గ్లూకోజు కాదు, గుడ్డు, పప్పు, పెరుగు తింటున్నాను.

పెళ్లి శుక్రవారం. ఆ రోజు పొద్దున ఆరింటికి మా ఆయన స్కూటరు మీద బస్టాండులో దింపాడు. నా సంచిలో ఉడికించిన గుడ్లు రెండు, మెత్తటి పెసరపప్పు ఉన్న స్టీలు డబ్బా, నీళ్ల సీసా, పొడి చేసుకున్న బలం మాత్రల పొట్లం, చేతికి గడియారం. ఈ ఆపరేషన్ అయినవాళ్లు ఎవరైనా ఇది చదివితే, బయలుదేరేటప్పుడు మిగతావి మరిచినా గడియారం మరవొద్దు. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తిన్న అరగంట దాకా తాగకూడదు. ముద్ద మెత్తటి పిండి అయ్యేదాకా నమలాలి. తొందరపడితే ఛాతీలో రాయి పడ్డట్టు ఆగిపోతుంది, అక్కడి నుంచి వాంతే.

"ఆడ లొల్లి పెట్టకు విజయా" అన్నాడు మా ఆయన.

"లొల్లేం పెట్ట. బువ్వ తినొస్త."

ఆయన మొహం చూస్తే నా మాటకంటే లొల్లే నయమని అనుకున్నట్టుంది.

హుస్నాబాద్ బస్సు ఆరూ నలభైకి కదిలింది. టికెట్టు పన్నెండు రూపాయలు. ముగ్గురు కూర్చునే సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాను. ఈ రూటులో నేను ఏళ్ల తరబడి తిరిగాను. ఒకసారి ఒక కండక్టరు "రెండు టికెట్లు కొట్టాల్నా అమ్మా" అంటే బస్సంతా నవ్వింది. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. వాళ్లు నవ్వినందుకు కాదు, నేను నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం. ఆ రోజు నేను చేసిన తప్పేమిటి? పదిమందిలాగే బస్సెక్కాను, అంతే కదా.

ఈసారి నా పక్కన ఒక గాజులామె వచ్చి కూర్చుంది. పేరు ఖాజాబీ అని తర్వాత చెప్పింది. హుస్నాబాద్ అంగడికి గాజుల గంప తీసుకుపోతోంది. బస్సు ఊరు దాటేలోపే నా చేతులు చూసింది. నేను పైన కడ్డీ పట్టుకున్నప్పుడల్లా గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి, కిందికి దించితే వేళ్ల మీదికి వస్తున్నాయి.

"గివి నీ గాజులేనా, ఎవరియన్న ఏసుకొచ్చినవా?"

"నాయే. పెండ్లికని ఏసుకున్న. మనిషి తగ్గిన."

"బీమారా?"

"కాదు. ఆపరేషన్ చేపిచ్చుకున్న, తగ్గనీకె."

ఆమె ఒక్క క్షణం నన్ను పైనుంచి కింది దాకా చూసింది. అయ్యో అనలేదు, నోటి మీద చెయ్యి వేసుకోలేదు. "అచ్ఛా" అని నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని పిడికిలి నొక్కి చూసింది. "రెండు పది ఏసేదానివి. ఇగ రెండు ఆరు పడ్తయ్. పెండ్లికి పోతూ వదులు గాజులేందమ్మా, ఊడి పడితె పగుల్తయ్" అంటూ గంపలోంచి డజను ఎర్ర గాజులు తీసి బస్సు కుదుపుల మధ్యనే ఒక్కటీ పగలకుండా ఎక్కించింది. ఐదు నెలల్లో నా ఒంటిని చూసి జాలిపడకుండా కొలత చెప్పిన మొదటి మనిషి ఆమె. పాతవి పారెయ్యమంటుందనుకుంటే, కాగితంలో చుట్టి నా సంచిలోనే పెట్టింది.

ఏడున్నరకు, నంగునూరు దాటాక, డబ్బా తెరిచి గుడ్డు తీశాను. చిటికెడు తుంపి నములుతుంటే ఆమె చూస్తూ కూర్చుంది.

"గంత నిమ్మలంగ తింటే అంగడి మల్లుతది, జనం ఇండ్లు జేరుతరు" అంది.

"మల్లనీ. నాకేం అమ్మేదుందా" అన్నాను. ఆమె పెద్దగా నవ్వింది. గుడ్డు అయ్యేసరికి ఎనిమిది కావొచ్చింది.

ఎనిమిదీ పదికి హుస్నాబాద్‌లో దిగాం. అరగంట కాలేదు కాబట్టి నీళ్లు ముట్టకుండా బస్టాండులో కూర్చుని, గడియారం ఒప్పుకున్నాక నాలుగు గుక్కలు తాగాను. మా అన్న వాళ్ల ఊరు అక్కడి నుంచి ఎనిమిది కిలోమీటర్లు. కిరాయి ఆటోలో డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక ఐదుగురం. ఎవరూ నాకోసం జరగలేదు, ఎవరూ సణగలేదు. తొమ్మిదింబావుకు పందిరి ముందు దిగాను.

మా వదినె ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. ప్రేమగల మనిషే. ఆ ప్రేమతోనే పందిరి చివర, ముసలివాళ్ల మంచం పక్కన నాకొక కుర్చీ వేయించి, గ్లాసెడు పాలు పట్టుకొచ్చింది. "నువ్వు ఈడనే కూసో. లేవకు. నీకు ఏం గావాల్నన్నా ఈడికే తెస్త" అంది. కాసేపటికి ఆడవాళ్లు ఒక్కొక్కరే నన్ను చూడ్డానికి రావడం మొదలైంది. కుట్లు చూపించమని ఒకామె, కడుపు లేకుంటే ఆకలి ఎక్కడ అవుతుందని ఒకామె. మా పాత ఇంటి పక్కన ఉండే రాజవ్వయితే నా చుట్టూ ఒక తిరుగు తిరిగి, "గింత కోయిచ్చుకోని గూడ ఇంకా లావే ఉన్నవ్ గదనే" అంది.

"అవ్ రాజవ్వా, ఉన్న. లావు తగ్గి నీకు చూపియ్యనీకె గాదు, మోకాళ్లు మొయ్యనీకె కోయిచ్చుకున్న" అన్నాను. తర్వాత ఆ కుర్చీలోంచి లేచి పెళ్లి తంతుకు పోలు కట్టే చోటికి వెళ్లి నిలబడ్డాను. రెండు గంటలు నిలబడ్డాను. ఏడాది కింద పది నిమిషాలు నిలబడలేకపోయేదాన్ని. ఈ సంగతి అక్కడ ఎవరూ గమనించలేదు, నాకైతే గర్వంగా ఉండింది.

పదకొండున్నరకు తలంబ్రాలు అయ్యాయి. ఒంటిగంటకు పందిరి కింద చాపలు పరిచి మోదుగాకుల ఇస్తర్లు వేస్తుంటే అన్న నన్ను బియ్యం బస్తాల గదిలోకి పిలిచాడు.

"విజయా, మొండిచేయకు. మేనత్త ఇస్తరిల మెతుకు మిగిలితె పిల్ల సంసారానికి మంచిది గాదంటరు. నువ్వు తినలేవు. మధ్యల లేచినవనుకో, ఇంకా చెడ్డ. మొగపిల్లగాని దిక్కోళ్లు ఏమనుకుంటరు?"

అన్న కళ్లలో కోపం లేదు, భయం ఉంది. అదే నాకు ఎక్కువ నొప్పి కలిగించింది. మా బంతుల్లో నియమం ఒకటుంది. ఆఖరి మనిషి తినడం అయ్యేదాకా వరుసలో ఎవరూ లేవకూడదు. నేను పెరిగిందంతా ఆ వరుసల్లోనే. లావు పిల్లను కాబట్టి అందరి కళ్లూ నా ఇస్తరి మీదే ఉండేవి. రెండోసారి వడ్డించడానికి వస్తే చాలు చాలు అని చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. అందరూ లేచాక వంటింట్లో తలుపు చాటున నిలబడి, గబగబా, నమలకుండా మింగేదాన్ని. ముప్పై ఏళ్లు నా ఆకలిని దొంగసొమ్ములాగా దాచుకున్నాను. ఇప్పుడు తిండి తక్కువైందని మళ్లీ అదే చాటుకు పొమ్మంటున్నారు.

"మెతుకు మిగలది. మధ్యల లేవ. ఇంకేమన్న ఉందా అన్నా?" అన్నాను.

బయటికి నడిచాను. నేను వెళ్లేసరికి సుగుణ నా చోట్లో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి, "కూసో అక్కా. నాకసలే నెయ్యి వడది" అని బతికిపోయినట్టు వెళ్లిపోయింది. రజిత బాసికం కింద నుంచి నన్ను చూసి కాస్త జరిగింది.

ఒంటిగంటా ఇరవై. పప్పు, అన్నం, నెయ్యి, బెల్లం. వడ్డించేవాడికి వద్దన్న మాట వినపడదు, అది ఆ పనిలోనే ఉంది. ఒక గరిటె వేసి రెండోది ఎత్తాడు. ఇస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టాను. "మొహమాట పడకున్రి" అన్నాడు. ఇన్నేళ్లూ అబద్ధంగా అడ్డం పెట్టినప్పుడు నమ్మారు, నిజంగా పెడితే నమ్మడం లేదు. "ఎయ్యి. నా చేతుల మీదనే ఎయ్యి" అన్నాను. గరిటె వెనక్కి పోయింది.

పిల్లకు మొదటి ముద్ద నేను పెట్టాలి, నాకు తను పెట్టాలి. సంతోషంలో రజిత ఇంత ముద్ద పెట్టింది. అందరూ చూస్తున్నారు. నమిలాను, మింగాను, సరిగ్గా రొమ్ము కింద ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక్కడ వాంతయితే అన్న అన్నదంతా నిజమైపోతుంది, ఇక ఏ బంతిలోనూ నాకు చోటుండదు. వీపు నిటారుగా పెట్టి, ఎవరి వంకా చూడకుండా గడియారం చూస్తూ కూర్చున్నాను. నాలుగు నిమిషాలు. తర్వాత అది మెల్లగా దిగింది.

ఒకటీ నలభైకి దాదాపు అందరివీ అయిపోయాయి. నా ఇస్తరిలో సగం ఉంది. పప్పులో మెత్తగా పిసికి, చిటికెడు చిటికెడు తింటున్నాను. చేతులు ఎండిపోతున్నాయని ఒకరు, కాళ్లు తిమ్మిరెక్కాయని ఒకరు. "అమ్మకు సగం కడుపే గద, గింత సేపేంది" అని పిల్లగాని మేనమామ చమత్కరించాడు.

"సగం కడుపుకు సగం తొందరనే ఉంటది బావా, కూసో" అన్నాను. వరుసలో ఆడవాళ్లు నవ్వారు. ఈసారి నేను ముందు నవ్వలేదు.

రెండూ అయిదుకు చివరి మెతుకు తీసి నోట్లో వేసుకున్నాను. ఇస్తరి కడిగినట్టు ఉంది. అన్న ఊపిరి వదిలి, రెండు చేతులూ చాప మీద ఆనించి లేవబోయాడు. అప్పుడే నాకు చాప అవతలి కొస కనిపించింది. పిల్లగాని తాత, నోట్లో ఒక్క పన్ను లేదు, చిగుళ్లతో ఇంకా నములుతున్నాడు. అందరూ లేవబోతుండడం చూసి, మిగిలిన అన్నాన్ని హడావుడిగా ముద్ద చేస్తున్నాడు. ఆ చేతి తొందర నాకు బాగా తెలుసు.

"కూసో అన్నా. తాత తింటుండు" అన్నాను, అందరికీ వినపడేలా.

అన్న కూర్చున్నాడు. అన్న కూర్చుంటే మిగతావాళ్లూ కూర్చున్నారు. ముసలాయన చేతిలోని పెద్ద ముద్దను ఇస్తరిలో వదిలి, మళ్లీ చిన్న ముద్ద కలుపుకున్నాడు. ఇంకో పది నిమిషాలు నలభైమంది ఒక పళ్లు లేని మనిషి కోసం కూర్చున్నారు. ఆయన నీళ్లు తాగి, చెయ్యి తుడుచుకుని, "శానేండ్లకు కడుపునిండ తిన్న బిడ్డా" అన్నాడు.

నాలుగింటికి అన్నే ఆటో దాకా వచ్చాడు. వదినె గంపెడు కట్టిస్తే, అందులోంచి తీసి తీసి, పెరుగన్నం నా చిన్న డబ్బాలో పట్టినంతే పెట్టించాడు. "మోకాళ్లు పోయినయే నీ తోటి" అన్నాడు. "నాయి గూడ గట్లనే పోయినయ్, అప్పుడు" అన్నాను.

ఐదుంబావు బస్సు. నిండుగా ఉన్నా సీటు దొరికింది. గాజులు చేతికి గట్టిగా ఉన్నాయి. ఈ ప్రయాణంలో బరువు తగ్గిన ఆనందం కంటే పెద్దదొకటి నాకు దొరికింది. నూట పద్దెనిమిది కిలోలప్పుడూ ఆ చోటు నాదే, ఆ ఆకలి నాదే, దాచుకోవాల్సిన పని అప్పుడూ లేదు. అది తెలుసుకోవడానికి కడుపు కోయించుకోవాల్సి వచ్చిందని కాసేపు ఏడుపొచ్చింది, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఆరున్నరకు ఆకలైంది. డబ్బా తెరిచి బస్సు నడుమనే తినడం మొదలుపెట్టాను. ఎవరైనా చూస్తున్నారేమోనని చూడలేదు. సిద్దిపేట బస్టాండు వచ్చింది, అందరూ దిగారు. డబ్బాలో ఇంకా మూడు ముద్దలున్నాయి.

కండక్టరు సంచి సర్దుకుంటూ వచ్చి నిలబడ్డాడు. "ఆఖరి స్టాపమ్మా. దిగవా?"

"దిగుత" అన్నాను. "తిన్నంక."