మంచంతో కొలిచిన ట్రాక్టరు

ఇగో, జెర దగ్గరికి జరిగి కూసోండ్రి. గంత దూరం కూసుంటే నా మాట మీకు అందదు. గోడ అవతల గోదాముల లారీ ఎనకకు తీసిన్రంటే ఆ కూత ఒక్కటే ఇనబడతది. చాయ్ పెట్టిన, చక్కెర తక్కువనే ఏసిన. ఎక్కువ ఏసిన చాయంటే నాకెందుకు అనుమానమో కూడ చెప్త. ఇయ్యాల పొద్దుగాల ఈ పాత మంచానికి కొత్త నవారు అల్లుదామని తిరగేసిన. తిరగేస్తే కాళ్ళదిక్కు కోడు మీద చెయ్యి ఆగిపోయింది. బొటనవేలంత ముక్క లేసిపోయి ఉన్నది, పట్టి చూడుండ్రి. ఎలుక కొరికింది గాదు, చెద తిన్నది గాదు. మేం ట్రాక్టరు కొన్న యాడాది హద్దురాయికి తగిలి లేసిపోయింది. మంచానికీ ట్రాక్టరుకూ ఏం సంబంధమని అడుగుతరు. అడగాలె, అడగకపోతే నాకు చెప్పబుద్ధి గాదు.

లక్డారం దిక్కు మాకు నాలుగెకరాల చెల్క. కాగితంల మా ఆయనకు రెండు, మా మరిదికి రెండు. నేల మీద మాత్రం ఒక్కటే. నడుమ గెట్టు ఉండెగాని పేరుకే. మా ఎడ్లు ముప్పై ఏండ్లు దాని మీదికెల్లి దిగి మరిది దిక్కు తిరిగి మళ్ళ మా దిక్కు వచ్చి, వచ్చి, ఆ గెట్టును అరిగిన గడప లెక్క చేసినయి. ఒక్క హద్దురాయి మాత్రం నిలబడి ఉండె. మరిదికి పటాన్‌చెరు దిక్కు కంపెనీల పని, షిఫ్టులు. దున్నుడు మాది, టమాటలు, వంకాయలు, బీరకాయలు రెండిండ్లవి. నేను కాపురానికి వచ్చిన నాడు మా మరిది నిక్కరు తొడుక్కొని గోడెక్కి నన్ను చూసిండు. నా చేతి తిండి తిని మీసాలొచ్చినోడు. మా అత్త పొయ్యేటప్పుడు నా చెయ్యి పట్టుకొని ఒక్కటే అన్నది, ఈ నాలుగు నాలుగ్గనే ఉండాలె అని. ఆమె అన్న మాటలల్ల సగం నేను ఇననే లేదు, ఆ ఒక్కటి మాత్రం కొంగుకు ముడేసుకున్న.

ఆ యాడాది ఒక ఎద్దు గిట్ట చెడి కుంటుడు మొదలుపెట్టింది. కిరాయి ట్రాక్టరాయన పదునున్నప్పుడు రాడు, నేల రాయి అయినంక వస్తడు. వచ్చినా మబ్బు దిక్కు చూసి, మన దిక్కు చూసి, జల్దీ జల్దీ అని రెండు సుట్లు తిరిగి పోతడు. ఇగ మనదే కొందామనుకున్నం. కొనాలంటే ఎడ్ల జత అమ్మాలె. అమ్మినంక తెచ్చిన బండి చెల్కకు సరిపోకపోతే ఎడ్లూ లేవు, దున్నుడూ లేదు. అందుకని చిన్నదా పెద్దదా అన్న ముచ్చట మా ఇంట్ల నెల రోజులు నడిచింది, పెండ్లి సంబంధం నడిచినట్టు.

మా ఆయనకు పెద్దది కావాలె. నలభై ఐదు హెచ్‌పి, ఎర్రది, ముందట లైట్లు ఎద్దు కండ్లంత ఉండాలె. ఎందుకయ్యా అంటే, "చూసెటోళ్ళు చూస్తరు గదనే" అంటడు. మరిది ఆదివారం వచ్చి నా పక్కనే పీట ఏసుకొని కూసున్నడు. నేను తోటకూర ఏరుతున్న. "ఇరవై హెచ్‌పిది చాలు వదినా, మీ రెండెకరాలకు పెద్దది దండుగ" అన్నడు. నా చేతుల తోటకూర కాడ అట్లనే ఆగింది. నాలుగు ఎప్పుడు రెండయినయి? ఆ మాట అన్నంక మరిది మొకం చూసిన. ఆయన తోటకూర దిక్కు చూస్తుండు, జీవితంల ఎన్నడూ తోటకూర చూడనోని లెక్క.

ఇగ అప్పటి సంది నేను లెక్కపెట్టుడు మొదలుపెట్టిన. తెల్ల కారు ఒకటి మా చెల్క పక్కన రెండుమార్లు ఆగింది. ఒకమారు అందులకెల్లి దిగినాయన నల్లద్దాలు పెట్టుకొని, తెల్ల చెప్పులేసుకొని, టేపు పట్టుకొని, పొద్దు దిక్కు మూలకు పోయిండు. మరిదిని అడిగితే కరెంటు స్తంభాలోళ్ళు అన్నడు. కరెంటోళ్ళు తెల్ల చెప్పులు ఏసుకోరని నాకు తెల్వదా. ఏ పండుగా లేకుంట జిలేబీ తెచ్చిండు. మా తోటికోడలు, అంటే మరిది పెండ్లాం, ఎన్నడూ లేనిది నా కాళ్ళ నొప్పి ఎట్లుందని అడిగింది. మా ఆయనకు చెప్తే, "నీకు ఆకాశంల మబ్బు కూడ ఎవరో పంపినట్టే కనబడతది" అని నవ్విండు. అనుమానమెప్పుడూ ఆడోళ్ళ మోకాళ్ళ నొప్పి అసుంటిది, మొగోళ్ళకు నవ్వొస్తది.

ముగ్గురం సంగారెడ్డికి పోయినం. షోరూంల ఇస్తిరి అంగీ ఏసుకున్న నడీడు మనిషి మేం దిగంగనే చాయ్ తెప్పిచ్చిండు. పెదాలు అతుక్కునేంత చక్కెర. ఇంక మేం ఏం కొంటున్నమో చెప్పనే లేదు, గంత తీపి ఎందుకు? మా ఆయన పెద్దదెక్కి స్టీరింగు పట్టుకొని కూసున్నడు, ఇగ దిగడు. "దిగయ్యా" అంటే, "సీటు మెత్తగున్నది" అంటడు. షోరూం మనిషి నాకు రంగుల కాగితం చూపిచ్చి, ఇది ఇంత జాగల తిరుగుతదమ్మా, రాసి ఉన్నది చూడు అన్నడు. నాకు చదువు రాదు. వచ్చినా ఏం లాభం. "కాగితం మీద తిరుగుతది బిడ్డా, మా వంకాయ సాళ్ళ చివర తిరుగుతదా?" అన్న. ఆయన నవ్వి, ఇంకొక చాయ్ చెప్పిండు. నేను కొంగు బిగిచ్చి రెండు బండ్లనూ మూరేసి కొలిచిన. పెద్దది ఎనిమిది మూరల పొడుగు, చిన్నది ఆరుకు జెర తక్కువ. అక్కడున్నోళ్ళందరు పని ఆపి నన్నే చూసిన్రు. చూడనియ్యి. మరిది మాత్రం చిన్న బండి కాడనే నిలబడి ఉన్నడు, దాన్ని కాపలా కాస్తున్నట్టు.

ఇంటికొచ్చినంక చెప్పిన, రేపు పొద్దుగాల చెల్కల తిప్పి చూసినంకనే కొనుడు అని. "కొననిది ఎట్ల తిప్పుతవే?" అన్నడు మా ఆయన. మన మంచం నాలుగు మూరలు, ఎనక రెండు మూరల కట్టె కడితే చిన్న బండి. రెండు మంచాలు కలిపి కడితే పెద్ద బండి. ముందట నువ్వు, ఎనక నీ తమ్ముడు, నేను చెప్పిన దిక్కు నడవుండ్రి అన్న. మా ఆయన తిట్టిండుగాని మంచం పట్టుకున్నడు. ముందుగాల పెద్ద బండి పెట్టినం. రెండు మంచాలు మోసుకొని సాలు చివరిదాక పోయి తిరగబోతే ఎనక మంచం పోయి బీర పందిట్ల ఇరుక్కున్నది. అప్పుడే బాటెంట చిట్కుల్ దిక్కు డ్యూటీకి పోయే బిహారోళ్ళు నలుగురు మమ్ములను చూసి ఆగిన్రు. ఒకాయన తలకు కట్టిన తువ్వాల తీసి చేతుల పట్టుకున్నడు. ఇంకొకాయన నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఎవరు పోయిన్రు?" అని మెల్లగ అడిగిండు. "ఎవరు పోలే నాయనా, ట్రాక్టరు" అన్న. ఆయనకేం సమజయిందో, చేతులు జోడిచ్చి పోయిండు. మా ఆయన మంచం కిందనే నవ్వుడు మొదలుపెట్టిండు, నవ్వి నవ్వి, "సరే తియ్యే, పెద్దది వద్దు" అన్నడు. లైట్లు ఎద్దు కండ్లంత ఉన్న బండి అట్ల మా ఇంటికి రాకుంటనే పోయింది.

ఇగ చిన్న బండి. ఒక్క మంచం, ఎనక కట్టె, కట్టె కొసకు నా ఎర్ర గుడ్డ పేలిక. మొదటి సాలు మంచిగనే పోయింది. చివరికొచ్చిన్రు. గెట్టు అవతలికి దిగి తిరగాలె, ఎడ్లు ముప్పై ఏండ్లు తిరిగిన తావు. మా ఆయన అలవాటుతోని గెట్టు దాటిండు. ఎనకున్న మా మరిది దాటలే. మంచం గుంజి, కాళ్ళు ఇరుకు చేసుకొని, ఇటే తిప్పుండ్రి, ఇటే అన్నడు. రెండో సాలు. మళ్ళ అంతే. మూడోసారి నేను పోయి గెట్టు మీద నిలబడ్డ. 

"అటు దిగవేంది మరిదీ? అది నీ చెల్కనే గద."

మరిది మంచాన్ని ఇంకింత తన దిక్కు గుంజుకున్నడు. 

"నీ చెల్కల నీ కాలు పెట్టనీకి ఎవరినన్న అడగాల్నా?"

ఆయన మంచం కోడు దిక్కే చూసుకుంట అన్నడు, "వచ్చే ఎండకాలంల ఈడ గోడ లేస్తది వదినా. గోదాము కడుతరు. అమ్ముతనని మాట ఇచ్చిన. గోడ లేసినంక పెద్దది తిరగదు. అందుకే చిన్నది అన్న."

మా ఆయన చేతులు ఇడిసిండు. ఆయన దిక్కు మంచం కింద పడి కోడు హద్దురాయికి కొట్టుకున్నది. ఈ ముక్క అప్పుడు లేసింది. ఆయన ఆ మంచం మీదనే, వంకాయ సాళ్ళ నడుమ, అట్లనే కూసున్నడు. "ఎన్నడు చెప్దామనుకున్నవ్ తమ్మీ?" అన్నడు.

"బండి వచ్చినంక. ముందుగాల చెప్తే నువ్వు బండి కొనవ్ అన్నా. ఎడ్లమ్మవ్. కుంటెద్దుతోని కొట్లాడి కొట్లాడి చెల్క ఇడిచిపెడ్తవ్. నా కాళ్ళు షిఫ్టులకు పడ్డయి, ఇగ బురదల దిగవు. నీయి దిగుతయి. నీకు దున్నుడు ఉండాలె."

నేను అరిసేదాన్నే. అత్త మాట కొంగుకు ఉన్నది గద. గాని నోటికేమొచ్చిందో తెలుసా? "గోడ ఏడ లేస్తది, రాళ్ళు పెట్టి చూపెట్టు" అన్న. మా మరిది పోయి గెట్టుకు అవతల, తన దిక్కు, మంచం పొడుగంత జాగ ఇడిచి రాళ్ళు పెట్టిండు. ఆ జాగ మా అన్న బండి తిరగనీకి ఇడవాల్నని కొనెటాయనకు, ఆ తెల్ల కారాయనకు, ముందే చెప్పిన్నన్నడు, కాగితంల కూడ రాపిచ్చిన్నన్నడు. నేను నమ్మలే. ఇద్దరికీ మంచం పట్టిచ్చి ఆ రాళ్ళ లోపట తిప్పిచ్చిన. తిరిగింది. ఎర్ర పేలిక రాళ్ళకు జానెడు దూరంల ఊగుకుంట పోయింది.

ఎడ్లమ్మి చిన్న బండి తెచ్చుకున్నం. ఎండకాలం గోడ లేసింది. పునాది తీసిన నాడు ఇదే మంచం నెత్తిన పెట్టుకొని నేనొక్కదాన్నే పోయి కొలిచిన. మేస్త్రీలు నవ్విన్రు. మంచం పట్టింది, పట్టినంక ఇంక ఒక మూర మిగిలింది. తక్కువైతదనుకొని పోయినదాన్ని, ఎక్కువైతే ఏం చెయ్యాల్నో తోచక, మంచం ఏసుకొని ఆ మూర జాగ దిక్కు చూసుకుంట కూసున్న. అది మా మీద ప్రేమతోని, పావురంతోని ఇడిసిండా, చెప్పకుంట దాసిన తప్పుకు ఇడిసిండా? ఊకెనే ఎవరన్న మూర జాగ ఇడుస్తరా? అడిగితే, "మేస్త్రీ తప్పు కొలిచిండేమో వదినా" అన్నడు. మేస్త్రీని అడిగితే, ఎంత చెప్తే అంత కట్టిన్నన్నడు. మా మరిది ఇప్పుడు కూడ ఆదివారం వస్తడు, పీట ఏసుకొని కూసుంటడు. చాయిస్త. చక్కెర సరిగ్గనే ఏస్త. ఆ మూర సంగతి ఇద్దరం ఎత్తం.

అగో, ఇనుండ్రి, మా ఆయన చిన్న బండి చివరికొచ్చింది. ఇప్పుడు తిరుగుతది. తిరిగినప్పుడల్లా గోడకు రాసుకుంటదేమోనని నేను పని ఆపి చెవి పెడ్త. ఆరేండ్లాయె. ఆరేండ్ల సంది నా అనుమానం అట్లనే ఉన్నది, బండి తిరుగుతనే ఉన్నది, ఏది ముందు ఆగుతదో చూడాలె. చాయ్ తాగుండ్రి, సల్లారుతది. మీ ఇండ్లు సల్లగుండ, మీ అన్నదమ్ముల నడుమ ఎన్ని గోడలు లేసినా బండి తిరిగెటంత జాగ, దాని మీద ఇంకొక మూర, ఎప్పటికీ మిగలాలె.