అగ్నిపర్వతానికి అమ్మ ఉపవాసం

చదువుకునే రోజుల్లో మనిషికి తన ప్రాణం మీద ఉన్నంత ధీమా మళ్ళీ ఎప్పుడూ ఉండదేమో. చదువు కోసం విదేశం వచ్చి, క్రాన్‌బర్న్‌లో అద్దె ఇంట్లో ఉంటూ యూనికి (యూనివర్సిటీకి) వెళ్ళొచ్చే కాలంలో మాదీ అదే వరస. సెలవులిచ్చారు, భాయ్ ఒక పాత కారు కొన్నాడు, ఇంకేం కావాలి? భాయ్ అంటే హైదరాబాద్ నుంచి వచ్చిన మా క్లాస్‌మేట్. విక్టోరియా రాష్ట్రంలో పడమటి వైపు ఒక అగ్నిపర్వతం ఉంది, పక్కనే లావా పారి చల్లారిన గుహ ఉంది, చూసొద్దామన్నాడు. మూడో మనిషి నా రూమ్మేట్ రాజమండ్రి (ఊరి పేరే ఆవిడ పేరైపోయింది, తనకేమీ అభ్యంతరం లేదు). పులిహోర పూచీ తనది.

నా తెలివి తెల్లారినట్టే ఉంది, ప్రయాణానికి ముందురోజు భీమవరం ఫోన్ చేసి అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. "అది చచ్చిందా, బతికుందా?" అని అడిగింది. వేల ఏళ్ళుగా నిద్రపోతోందనీ, అలాగని మళ్ళీ లేవదని శాస్త్రజ్ఞులెవరూ హామీ ఇవ్వలేదనీ, చదువుకున్నదాన్ని కదా, వివరంగా బోధించాను. అమ్మ అంతా వింది. తరువాత నెమ్మదిగా అంది, "సరే, వెళ్ళు. నువ్వు ఆ గుహలోంచి బయటికొచ్చి ఫోన్ చేసేదాకా నేను ముద్ద ముట్టను." అమ్మకు షుగర్. ఎంత బతిమాలినా వినలేదు. మర్నాడు దారిలో టీకి ఆగినప్పుడు పిన్ని మెసేజ్ వచ్చింది. చర్చిలో స్త్రీల సమాజం మొత్తం అమ్మతోపాటు ఉపవాస ప్రార్థనకు కూర్చుంటోందట. ప్రార్థన అంశాల్లో నా పేరు, నా పక్కన అగ్నిపర్వతం.

తీరా వెళ్ళి చూస్తే పచ్చటి గుట్ట. నోరు ఉండాల్సిన చోట చెరువు, అందులో బాతులు, గట్టున చెట్టు మీద నిద్రపోతున్న కోలా. పొగ లేదు, నిప్పు లేదు. దీనికంటే మా గోల్కొండ గుట్టే నయమన్నాడు భాయ్. భీమవరంలో అంతమంది ఆడవాళ్ళు ఆకలితో కూర్చున్నది ఈ బాతుల కోసమా అని నాకు నవ్వొచ్చింది. గుహలోకి దిగాక ఒకసారి టార్చ్‌లు ఆర్పేసి చూద్దామంది రాజమండ్రి. ఆర్పితే నా చెయ్యి నాకే కనబడలేదు. అంత శాస్త్రం బోధించిన నేను రాజమండ్రి చున్నీ పట్టుకుని, చిన్నప్పుడు అమ్మ నేర్పిన ప్రార్థన మొదట్నుంచి చివరిదాకా పైకే చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు.

బయటికొచ్చి ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. గుట్టెక్కినా లేదు. రాజమండ్రి అప్పటికే పులిహోర డబ్బా మూత తీసింది. భాయ్ ఆ మూత మళ్ళీ పెట్టేశాడు (రంజాన్ నెలంతా రోజా ఉండే మనిషి, ఆకలి సంగతి తెలుసు).

"అమ్మ ఆడ ఉపాసముంటే మనం ఈడ తినుడేంది? నడువుండ్రి, మొదలు సిగ్నల్ దొర్కాలె."

కారు కిటికీలోంచి ఫోన్ బయటపెట్టి కూర్చున్నాను. ఎంత దూరం పోయినా పొలాలు, గొర్రెలు, మళ్ళీ పొలాలు. చివరికి ఏదో చిన్న ఊళ్ళో పెట్రోల్ బంకు దగ్గర సిగ్నల్ అందింది. పిన్ని ఎత్తింది. "మీ అమ్మ ఇందాక కళ్ళు తిరిగి పడిపోయిందే. పొద్దున్నే అలవాటు కొద్దీ షుగర్ బిళ్ళ వేసేసుకుందట. పంచదార నీళ్ళు పట్టాం, లేచి కూర్చుంది. అన్నం మాత్రం నీ ఫోన్ వస్తేనేనంటోంది." ఫోన్ అమ్మకివ్వమన్నాను. ఇంతలో అమ్మ గొంతు, నీరసంగా.

"బయటికొచ్చావా?"

"వచ్చేశానమ్మా. నువ్వు ముందు తిను."

"తింటాలే. నువ్వు తిన్నావా?"

భాయ్ చేతిలో మూత తీయని డబ్బా ఉంది. తిన్నానన్నాను. అటువైపు కంచం చప్పుడు వినేదాకా ఫోన్ పెట్టలేదు. ఆ తరువాత ముగ్గురం బంకు గోడ పక్కన నిలబడి పులిహోర తిన్నాం. నేను ఏడుస్తూ తిన్నాను.

అమ్మ ఇప్పుడు లేదు. మొన్న యూని సెలవుల్లో నా కూతురు స్నేహితులతో ఇండోనేషియా వెళ్ళింది, నిజంగానే పొగ కక్కే అగ్నిపర్వతం చూడటానికి. "చిల్ మమ్, ఇట్స్ టోటల్లీ సేఫ్" అని నాకు వివరంగా శాస్త్రం బోధించింది. నేను సరేనన్నాను, ఉపవాసమనీ ప్రార్థననీ ఒక్క మాట అనలేదు, మనం ఈ కాలం తల్లులం కదా. సాయంత్రం కొండ దిగి ఫోన్ చేసింది.

"మమ్, వీ ఆర్ డౌన్. డిడ్ యూ ఈట్?"

పొద్దున వండిన పప్పు మూత కూడా తీయకుండా పొయ్యి మీదే ఉంది.

"తిన్నానమ్మా" అన్నాను.