హాఫ్‌టైమ్‌లో తీసే గేటు

మా పెదనాన్నకు కుదురన్నది లేదు. వాళ్ళ పెళ్ళి ఫోటోలో కూడా పెద్దమ్మ స్పష్టంగా ఉంటుంది, పక్కన ఈయన మసగ్గా ఉంటాడు. ఫోటో తీసే క్షణంలో ఎవరో వస్తున్నారనిపించి తల తిప్పాడట. పెద్దమ్మ ఇప్పటికీ ఆ ఫోటో చూపించి, "నేను చేసుకున్నది ఇదిగో, ఈ మసకనే" అంటుంది.

ఇలాంటి మనిషి వయసంతా ఒకే కిటికీలో గడిపాడంటే ఎవరూ నమ్మరు. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు మైదానం గోడకి చిన్న కిటికీ ఉంది, టికెట్లు అమ్మేది అక్కడే. జట్టు ఆడేది మూడో డివిజన్‌లో. ఎప్పుడైనా రెండులోకి ఎక్కినా మరుసటి ఏడాదికి మళ్ళీ మూడులోకి దిగొచ్చేస్తుంది. కిటికీ గదిలో ఉన్న ఒక్క స్టూలునీ పెదనాన్న ఎప్పుడో బయట పడేశాడు. నిలబడే అమ్ముతాడు. నలుగురికి అమ్మగానే షట్టరు దించి, వెనక తలుపులోంచి గేటు దగ్గరికి పరుగెత్తి, ఆ నలుగురి టికెట్లూ తనే చింపి లోపలికి పంపుతాడు. మళ్ళీ కిటికీ, మళ్ళీ గేటు. చింపడానికి ఇంకో మనిషిని పెడతామని క్లబ్బువాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

"కిటికీలోంచి చెయ్యే కనబడుతుంది. ముఖం గేటు దగ్గర కనబడుతుంది. రెండూ చూడకపోతే వచ్చిందెవరో నాకెలా తెలుస్తుంది?" అనేవాడు.

అందుకే ఆయనకి ఊళ్ళో సగం మంది చేతులతో గుర్తు. బజార్లో ఎవరైనా పలకరిస్తే ముందు కిందికి చూసి, ఆ తర్వాత నవ్వుతాడు.

ఆయనకి సొంత నియమం ఒకటుంది. హాఫ్‌టైమ్ కాగానే కిటికీ మూసేసి, గేటు గడియ తీసి బార్లా తెరిచేస్తాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి టికెట్ లేదు. సగం ఆట అయిపోయాక డబ్బులడగడం ఆయనకి మొహమాటం. అదే సమయంలో లోపల జనమంతా లేచి మైదానం అంచునే నడుచుకుంటూ అవతలి గోలు వెనక్కి వెళతారు. మన జట్టు ఏ గోలు మీదికి దాడి చేస్తుంటే ఆ గోలు వెనకే నిలబడాలన్నది ఇక్కడి పాత అలవాటు.

ఇందులోకి నేను ఎలా వచ్చానంటే, కెమెరా పట్టుకుని వచ్చాను. కొత్త సెక్రటరీ గారు మ్యాచ్‌లు ఫోన్లలో లైవ్‌గా చూపిస్తామన్నారు. డ్రెస్సింగ్ రూమ్ డాబా మీద కెమెరా పెట్టి తిప్పేదాన్నీ, కామెంటరీ చెప్పేదాన్నీ నేనే. దూరాల్లో ఉన్నవాళ్ళు చందా కట్టి చూశారు. ఆటగాళ్ళకి మంచి బూట్లు వచ్చాయి. ఉద్యోగం దొరికిందని నేను గాల్లో తేలిపోయాను.

మైదానం మాత్రం పలచబడింది. మొదట వానకి భయపడేవాళ్ళు రావడం మానేశారు. తర్వాత ఎండకి భయపడేవాళ్ళు మానేశారు. ఆ తర్వాత దేనికీ భయపడనివాళ్ళు కూడా మానేశారు. పెదనాన్న కిటికీకీ గేటుకీ మధ్య పరుగెత్తాల్సిన పని లేకపోయినా పరుగెత్తుతూనే ఉన్నాడు.

"నా కిటికీకి ఎదురుగా నువ్వింకో కిటికీ తెరిచావే" అన్నాడు నాతో. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు గుచ్చుకుంది.

సీజన్ చివర్లో సెక్రటరీ గారు మా ఇద్దర్నీ పిలిచి విషయం చెప్పేశారు. సొంత మైదానంలో ఇంక రెండు మ్యాచ్‌లున్నాయి. చివరిదానికి కనీసం సగం గ్యాలరీకి సరిపడా టికెట్లు తెగకపోతే కిటికీ మూసేస్తారు. వచ్చే సీజన్ నుంచి టికెట్లు ఫోన్లోనే అమ్ముతారు, గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఉంటాడు. ఆయనేం చెడ్డవాడు కాదు.

ఆ రోజు నుంచి పెదనాన్న కాలు కాలిన పిల్లి అయిపోయాడు. మా ఇంటికొచ్చి కూర్చోకుండానే పాత మ్యాచ్ పెట్టమన్నాడు. చూస్తూ గదిలో అటూ ఇటూ తిరిగి, ఒక్కసారిగా ఆగాడు.

"చూడవే, నీ కెమెరాకి ఎదురుగా ఉన్న గ్యాలరీ ఎంత బోసిగా ఉందో! మనవాళ్ళంతా గోలు వెనకాల ఉన్నారు, నీకేమో ఖాళీ బెంచీలు పడుతున్నాయి. ఇంత ఖాళీగా కనిపిస్తే ఎవడికి రాబుద్దేస్తుంది?"

నాకూ నిజమే అనిపించింది. తర్వాతి మ్యాచ్‌కి వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆయన గడ్డం పట్టుకుని బతిమాలి, ఎదుటి గ్యాలరీలో సరిగ్గా కెమెరా చూసే చోట కూర్చోబెట్టాడు. హాఫ్‌టైమ్‌లో లేవబోయినవాళ్ళని, "ఈ ఒక్కసారికి కదలకండి నాయనా" అని భుజాలు నొక్కి మరీ ఆపాడు. జనం సణుక్కుంటూనే కూర్చున్నారు. తెర మీద మాత్రం మైదానం కిటకిటలాడింది.

ఆట అయ్యాక డాబా ఎక్కి వచ్చి, "ఏమంటున్నారే ఇళ్ళల్లో వాళ్ళు?" అన్నాడు గంపెడాశతో.

నేను కామెంట్లు చదివాను. ఇంతమంది వస్తున్నారా అని ఆశ్చర్యపోయారు. ఆ తోపులాటలో మనమెక్కడ వెళతాం, హాయిగా ఇంట్లోనే చూద్దాం అని రాసుకున్నారు. టికెట్లు దొరకవులే అని కూడా ఒకాయన రాశాడు.

పెదనాన్న ముఖం పాలిపోయింది. "టికెట్లు దొరకవా? కట్టలు కట్టలు పడున్నాయే నా దగ్గర!" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

చివరి మ్యాచ్ రోజు ఎవరికీ ఏమీ చెప్పలేదు. మీ ఇష్టమొచ్చిన చోట నిలబడండి అని వదిలేశాడు. వచ్చినవాళ్ళు కొద్దిమందే. వాళ్ళంతా సంబరంగా గోలు వెనక చేరారు. హాఫ్‌టైమ్‌లో లేచి నా డాబా కింద నుంచే నడిచారు. మామూలుగా ఆ టైములో నేను టైర్ల కొట్టు ప్రకటన పెడతాను. ఆ రోజు మనసొప్పక కెమెరా వాళ్ళ మీదికి తిప్పాను. కబుర్లాడుకుంటూ, ఒకర్నొకరు గిల్లుకుంటూ, తప్పిపోయిన గోలు గురించి తిట్టుకుంటూ నడుస్తున్నారు. కామెంట్లు పడడం మొదలైంది.

'అరె, ఈ నడక మర్చేపోయాను.'

'ఆ ఎర్ర గొడుగావిడ ఇంకా వస్తోందా?'

'ఇల్లు పక్క సందే కదా, వస్తున్నా.'

వస్తున్నా అని ఇంకొకరు. మరొకరు. మైక్ మూసి, డాబా అంచు నుంచి అరిచాను. "పెదనాన్నా! జనం వస్తున్నారు! గేటు మూసెయ్, కిటికీ తియ్!"

ఆయన విన్నాడు. తెరిచిన గేటు గడియ మీద చెయ్యి వేశాడు కూడా. సందు మలుపులో పదిమంది కనబడ్డారు, వాళ్ళ వెనక ఇంకొందరు. ముందొచ్చిన మనిషి అలవాటు కొద్దీ కిటికీ దగ్గరికెళ్ళి షట్టరు తట్టాడు. చేతిలో నోటు ఉంది. పెదనాన్న ఆ చేతిని గుర్తుపట్టాడు, బొటనవేలికి గోరు లేని చెయ్యి. గడియ వదిలేశాడు.

"ఇటు రండి. హాఫ్‌టైమ్ అయిపోయింది, టికెట్ లేదు."

"పర్లేదండీ, తీసుకోండి."

"నడవండి నడవండి, ఆట మొదలవుతోంది."

అందరినీ అలాగే పంపాడు. ఆ రోజు గోలు వెనక చోటు చాలక జనం గ్యాలరీ మెట్లెక్కారు. సగం కాదు, అంతకు మించే నిండింది. తెగిన టికెట్లు మాత్రం హాఫ్‌టైమ్‌కి ముందు తెగినవే.

ఆట కాగానే కిందికి దిగి ఆయన మీద విరుచుకుపడ్డాను. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "ఒక్క పూట, పెదనాన్నా! ఒక్క పూట నీ నియమం పక్కన పెడితే నీ సొమ్మేం పోయింది?"

ఆయన షట్టరు ఎత్తుతూ దించుతూ ఉన్నాడు. "బాధగానే ఉందే. కానీ ఇన్నేళ్ళూ హాఫ్‌టైమ్ తర్వాత ఎవరి దగ్గరా తీసుకోలేదు. ఇవాళ కిటికీ కోసం తీసుకుంటే, రేపు ఆ కిటికీలోంచి చెయ్యి పెట్టినవాడికి ఏమని టికెట్ ఇవ్వను?"

కిటికీ మూసేశారు. చెక్క పెట్టి మేకులు కొట్టారు.

కొత్త సీజన్ మొదటి మ్యాచ్‌కి ఆయన టికెట్ నేనే ఫోన్లో తీశాను. సెక్యూరిటీ కుర్రాడు మిషన్ పెట్టాడు, కీచుమంది. పెదనాన్న చింపిన ముక్క కోసం చెయ్యి చాపి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. డాబా మీద నుంచి అది చూసి నాకు ఏడుపొచ్చింది.

హాఫ్‌టైమ్ అయింది. జనం నడక మొదలైంది. పెదనాన్న వాళ్ళలోంచి విడిపోయి గేటు వైపు వెళ్ళాడు. గేటు గడియ వేసే ఉంది.

"తీయకూడదండీ. రెండో సగానికి కూడా ఫోన్లో టికెట్ కొనాల్సిందే" అన్నాడు కుర్రాడు.

"నేను బయటికెళ్ళాలి బాబూ. గేటు తీయకపోతే గోడ దూకమంటావా, ఈ వయసులో?"

కుర్రాడు గేటు తీశాడు. పెదనాన్న ఒక కాలు బయట పెట్టాడు, ఒక కాలు లోపలే ఉంచాడు. అలాగే నిలబడ్డాడు. గేటు వేద్దామంటే మధ్యలో మనిషి ఉన్నాడు. పక్క సందు పిల్లలు ఆయన చంక కిందుగా దూరి లోపలికి వచ్చారు. వాళ్ళ వెనక ఎర్ర గొడుగావిడ తన చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. కుర్రాడు సెక్రటరీ గారి వైపు చూశాడు. ఆయన ఫోన్లో ఏదో వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నారు.

గేటు తీశారా అని కామెంట్లలో ఎవరో అడిగారు. నేను కెమెరా అటు తిప్పాను. రెండో సగం ఆట మొదలైనా ఆయన కదలలేదు. తెర మీద అంచులతో సహా స్పష్టంగా ఉన్నాడు.

అప్పుడే ఇంటి నుంచి పెద్దమ్మ మెసేజ్ వచ్చింది. 'ఏమిటే, మీ పెదనాన్న కదలకుండా నిలబడ్డాడు? ఒంట్లో బాగానే ఉందా?'