అటక మీది బియ్యం

నా తోడికోడలంటే నాకు కుళ్ళు. ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం కాబట్టి ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆవిడ నాకంటే అందగత్తె కాదు. పుట్టింటివాళ్ళు మావాళ్ళకంటే కలిగినవాళ్ళూ కాదు. కాకపోతే ఆవిడ ఏటి నడుమ లంకలో పుట్టింది, నేను మెట్టలో పుట్టాను. స్వతంత్రం వచ్చిన అయిదారేళ్ళకి నేను కాపురానికి వెళ్ళిన ఇల్లు ఓడలరేవుకి ఎగువన, ఏటికీ వరదగట్టుకీ మధ్య ఉండేది. ఏడాదిలో పది నెలలు కోడళ్ళిద్దరం సమానమే. శ్రావణ భాద్రపదాలు వస్తే మాత్రం ఆవిడ మహారాణి, నేను పనిమనిషిని.

ఆషాఢం వెళ్ళగానే ఆవిడ కొంగు బిగించేది. బియ్యం, ఉప్పు, చింతపండు అటకెక్కించేది. అగ్గిపెట్టెలు మూత బిగుతైన తగరపు డబ్బాలో దాచేది. తాటిదోనె బోర్లించి పగుళ్ళు వెతికేది. ఇంట్లో ముగ్గురు మగవాళ్ళూ ఆవిడ ఏం చెబితే అది మోసేవారు. నేను చెయ్యి వెయ్యబోతే అత్తగారు, "ఉండమ్మా, నీకు తెలీదు. పెద్దదాన్నడుగు" అనేవారు. ఆ మాట విని విని నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక ఏడు వరద రాకూడదని రోజూ దణ్ణం పెట్టుకున్నాను. ఊరి మీద ప్రేమతో కాదు, ఆవిడ పెత్తనం సాగకూడదని.

వరద వచ్చింది. మా ఇల్లు మెరక మీద ఉంది గనక నీళ్ళు వాకిట్లో ఆగాయి. ఆవిడ నీటి అంచున ఒక కొబ్బరి ఈనె గుచ్చింది. నీళ్ళు ఈనె దాటి పైకి వస్తే ఏరు పెరుగుతున్నట్టు, వెనక్కి జారితే తీస్తున్నట్టు. ఇరుగుపొరుగు నడుంలోతు నీళ్ళలో నడిచివచ్చి, "ఏవండీ, తీస్తందాండీ?" అని ఆవిడనే అడిగేవారు. "ఇంకా లేదండి" అనేది ఆవిడ, ఏరు తన పాకలో కట్టేసిన గేదె అయినట్టు. నేనూ ఆ అరుగు మీదే నిలబడి ఉండేదాన్ని. నా మొహం చూసినవాడు లేడు.

మూడోనాడు పొద్దున్న ఆవిడ, గట్టు మీద పశువులతో ఉన్న బావగారికి అన్నం పట్టుకుని దోనెలో వెళ్ళింది. నేను వాకిట్లోకి వచ్చి చూద్దును కదా, నీళ్ళు ఈనెకి బారెడు అవతల ఉన్నాయి! ఈ కబురు చెప్పే అదృష్టం నాదేనని ఒళ్ళు పులకరించింది.

"తీసేసిందండోయ్! ఏరు తీసేసింది!" అని కేక పెట్టాను.

"పెద్దది రానీవే" అన్నారు అత్తగారు.

"కళ్ళకి కనపడతంటే ఇంకా ఆవిడెందుకండీ?" అన్నాను. రోజూ నిచ్చెనెక్కే బాధ వదిలిందని చెప్పి, మా ఆయన చేత బియ్యం బస్తా దింపించి వంటింట్లో పెట్టించాను. వంటిల్లు వాకిలి కంటే జానెడే ఎత్తు. మధ్యాహ్నం వేడివేడిగా తిని, అందరం మూడు రోజుల నిద్ర తీర్చుకున్నాం.

దీపాలు పెట్టే వేళకి లేచి చూస్తే వంటింట్లో నీళ్ళు. బస్తా సగానికి నానిపోయింది.

తీసింది ఏరు కాదు. అది పాటు. సముద్రం దగ్గర కదా, వరదలోనైనా పాటుకి నీళ్ళు కాస్త జారతాయి, పోటుకి మళ్ళీ ఎక్కుతాయి. ఏరు తీసిందో లేదో పోటు వేళ చూడాలి. ఈ సంగతి లంకలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

అప్పుడే ఆవిడ దోనె దిగింది. మావగారు బస్తా ముందు నిలబడి, "ఎవరు దింపమన్నారు దీన్ని?" అని గర్జించారు. నేనేనని చెప్పాలనే ఉంది.

ఆవిడ బస్తా చూసింది, నన్ను చూసింది. "నేనేనండి, మావయ్యగారూ. తీస్తే దింపెయ్యమని పొద్దున్న వెళ్తా వెళ్తా చెప్పేను. పోటు చూసుకోమని చెప్పడం మర్చిపోయేను. తప్పు నాదేనండి" అంది.

నిజానికి పొద్దున్న ఆవిడ నాకేమీ చెప్పి వెళ్ళలేదు.

మావగారు చల్లబడ్డారు. "ఒప్పుకోడానికి కూడా మనసుండాలి" అన్నారు అత్తగారు, ఆవిడ తల నిమురుతూ. నన్ను ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. తడిసిన బియ్యం చాప మీద ఆరబోస్తూ నేను కుళ్ళికుళ్ళి ఏడిస్తే, బియ్యం పోయాయని ఏడుస్తున్నాననుకుని ఆవిడే ఓదార్చింది. ఆ ఇంట్లో ఎవరినీ అడక్కుండా నేను చేసిన మొదటి పని అది. దాన్ని కూడా ఆవిడే పట్టుకుపోయింది.